పండ్ల బండి వెంట వచ్చే తెగుళ్లు

తెల్లవారకముందే రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో సందడి మొదలవుతుంది. కోనసీమ గ్రామాల నుండి సైకిళ్లపైనా, ఆటోలలోనూ, ట్రాక్టర్లలోనూ గెలలు వచ్చి చేరుతాయి. వేలం ముగిసిన తరువాత ఆ గెలలు లారీలకెక్కి పొరుగు రాష్ట్రాలకు తరలిపోతాయి. రాయలసీమలో దృశ్యం కొంత భిన్నంగా ఉంటుంది. అక్కడ పచ్చ అరటి గ్రాండ్ నైన్ గెలలను తోటలోనే హస్తాలుగా విడదీసి, కడిగి, అట్టపెట్టెలలో పేర్చి, శీతల కంటైనర్లలో ఓడరేవులకు పంపుతారు. 2020 జనవరిలో తాడిపత్రి నుండి ముంబైలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు అరటితో ప్రత్యేక రైలు బయలుదేరినప్పుడు, మన రైతు పండించిన పండు సముద్రాలు దాటుతున్నదని అందరూ సంతోషించారు. ఆ సంతోషం న్యాయమైనదే.

అయితే పండు ప్రయాణించే ప్రతి మార్గమూ రెండు వైపులా తెరచి ఉండే మార్గమే. లారీ నిండుగా వెళుతుంది, ఖాళీగా తిరిగివస్తుంది. నిజానికి అది పూర్తిగా ఖాళీగా రాదు. చక్రాలకు అంటిన మట్టి, అడుగున పరచిన ఎండుటాకులు, మూలన పడేసిన నాలుగు పిలకలు, కోత కత్తులు అందులో ఉంటాయి. సస్యరోగ చరిత్రను పరిశీలిస్తే గత నూట యాభై సంవత్సరాలలో పండ్లతోటలను నాశనం చేసిన పెద్ద తెగుళ్లలో అనేకం గాలితోనో వానతోనో కాక మనిషి చేతి మీదుగా, ఎక్కువగా వ్యాపార మార్గాల వెంట దూరప్రాంతాలకు చేరాయని తెలుస్తుంది. ఆ చరిత్రలో మన తోటలకు పనికివచ్చే పాఠాలు ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పండు కంటే పండు వెంట వచ్చేదే ప్రమాదం

పండ్ల వ్యాపారం వల్ల తెగుళ్లు వ్యాపిస్తాయనగానే మనకు పండే దోషి అని తోస్తుంది. కొన్ని సందర్భాలలో అది నిజమే. నిమ్మపండు తొక్కపై ఉన్న గజ్జి మచ్చలో బ్యాక్టీరియా ఉంటుంది. మామిడి పండులో పండు ఈగ పిల్లపురుగు, టెంకలో టెంక పురుగు దాగి ఉండవచ్చు. కాని అనేక ప్రమాదకరమైన తెగుళ్లకు పండు ప్రధాన వాహకం కాదు. అరటి ఎండు తెగులును కలిగించే శిలీంధ్రం వేరు ద్వారా ప్రవేశించి దుంపలోను, బోదెలోను నీరు ప్రవహించే నాళాలలో నివసిస్తుంది. సంతలో కొన్న అరటిపండు తొక్కను పెరట్లో పారవేసినందువల్ల ఆ తెగులు వచ్చే అవకాశం అత్యల్పం.

తెగులును మోసేవి నాలుగు. మొదటిది నాటే సామగ్రి, అనగా పిలకలు, దుంపలు, అంట్లు, నారు. రెండవది మట్టి, అది చక్రానికి అంటినదైనా చెప్పుకు అంటినదైనా సరే. మూడవది పండుతో పాటు వచ్చే ఆకులు, కాడలు, వాటిపై ఉండే రసం పీల్చే పురుగులు. నాల్గవది ఒక తోట నుండి మరొక తోటకు తిరిగే కత్తులు, పెట్టెలు, కత్తెరలు వంటి పనిముట్లు. వీటిలో మొదటిది అన్నిటికంటే ప్రమాదకరం. ఎందుకంటే తెగులుతో పాటు దానికి కావలసిన ఆతిథేయి మొక్కను కూడా మనమే తీసుకుపోయి, గుంత తీసి, నీరు పోసి నాటుతున్నాము.

ఇందులో మరొక చిక్కు ఉంది. తెగులు సోకిన మొక్క వెంటనే లక్షణాలు చూపదు. అరటి వెర్రితల తెగులు లక్షణాలు బయటపడడానికి కొన్ని వారాలు, ఎండు తెగులుకు కొన్ని నెలలు, నిమ్మజాతి గ్రీనింగ్ తెగులుకు కొన్ని నెలల నుండి రెండేళ్లకు పైగా పట్టవచ్చు. లారీ మాత్రం రెండు రోజులలో రెండు రాష్ట్రాలు దాటుతుంది. కంటికి ఆరోగ్యంగా కనిపించే మొక్కను నమ్మి కొన్న రైతు మోసపోవడానికి కారణం ఈ వ్యవధిలోనే ఉంది. అమ్మినవాడు కూడా చాలాసార్లు తెలిసి మోసం చేసి ఉండడు.

ఒకే రకాన్ని నమ్ముకొన్న వ్యాపారం

ఈనాడు ప్రపంచ విపణిలో ఎగుమతి అయ్యే అరటిలో అత్యధికభాగం కావెండిష్ వర్గానికి చెందినది. మన గ్రాండ్ నైన్ ఆ వర్గంలోనిదే. కాని ఇరవయ్యవ శతాబ్దపు మొదటి అర్ధభాగంలో యూరప్, అమెరికా ప్రజలు తిన్న అరటి ఇది కాదు. అప్పటి ఎగుమతి రకం పేరు గ్రో మిషెల్. దాని తొక్క మందం. గెలను గెలగానే ఓడలోకి ఎక్కించినా దెబ్బతినేది కాదు. అందుకే మధ్య అమెరికాలోని పెద్ద కంపెనీలు అడవులు నరికి వేల ఎకరాలలో ఆ ఒక్క రకాన్నే నాటాయి.

అరటి ఎండు తెగులును 1870లలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ సమీపంలో తొలిసారిగా గుర్తించారు. 1890 ప్రాంతంలో అది పనామా, కోస్టారికా తోటలలో కనిపించింది. అక్కడ కలిగించిన విధ్వంసం వల్లనే దానికి పనామా తెగులు అనే పేరు స్థిరపడింది. క్యూబా నుండి వచ్చిన నమూనాలో శిలీంధ్రాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1910లో దానికి ఆ దేశం పేరు కలిసేటట్లు ‘క్యూబెన్స్’ అని నామకరణం చేశారు.

తెగులు వచ్చిన తోటను కంపెనీలు విడిచిపెట్టి కొత్త భూమికి వెళ్లేవి. కొత్త తోట నాటడానికి దుంపలు ఎక్కడివి? పాత తోటవే. పైకి ఆరోగ్యంగా కనిపించిన దుంపలతో పాటు శిలీంధ్రం కూడా కొత్త నేలకు చేరేది. కొన్నేళ్లకు అక్కడా ఎండు తెగులు మొదలయ్యేది. పొలాలను నెలల తరబడి నీట ముంచి శిలీంధ్రాన్ని చంపాలని కూడా ప్రయత్నించారు. తెగులు కొంతకాలం తగ్గి మళ్లీ వచ్చింది. ఈ శిలీంధ్రం మందపాటి గోడలు గల సిద్ధబీజాలను ఏర్పరచుకొని, ఆతిథేయి మొక్క లేకపోయినా మట్టిలో దశాబ్దాలపాటు జీవించగలదు. చివరకు 1960 ప్రాంతంలో వ్యాపారమంతా ఆ తెగులును తట్టుకొనే కావెండిష్ రకాలకు మారవలసి వచ్చింది.

ఈ మార్పులో గమనించదగిన విషయం ఒకటి ఉంది. కావెండిష్ తొక్క పలుచన. గెలగా పంపితే దెబ్బతింటుంది. అందువల్ల హస్తాలుగా విడదీసి అట్టపెట్టెలలో పంపే పద్ధతి వచ్చింది. పండు నాణ్యత కోసం తెచ్చిన ఈ పద్ధతి సస్యరక్షణ దృష్టితో కూడా మేలైనది. గెలకాడ, ఆకులు, మట్టి తోటలోనే మిగిలిపోయి, కడిగిన పండు మాత్రమే బయటకు వెళుతుంది. మన ప్రాంతాలలో ఇంకా గెలలను ఆకుల మధ్య పేర్చి లారీలకెక్కించే చోట్ల ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

కటిహార్ దాకా వచ్చిన టి.ఆర్.4

కావెండిష్‌తో సమస్య తీరిందని అందరూ భావించారు. కాని 1960ల చివరలో తైవాన్‌లో కావెండిష్ తోటలు కూడా ఎండిపోవడం మొదలైంది. 1990లలో ఇండోనేషియా, మలేషియా దేశాలలో ఎగుమతి కోసం నాటిన తోటలు దెబ్బతిన్న తరువాత ఇది శిలీంధ్రంలోని వేరొక తెగ అని స్పష్టమైంది. దానినే ట్రాపికల్ రేస్ 4, సంక్షిప్తంగా టి.ఆర్.4 అంటున్నారు. ఇది గ్రో మిషెల్‌ను, కావెండిష్‌ను మాత్రమే కాక మరెన్నో స్థానిక రకాలను కూడా ఆశిస్తుంది.

దాని ప్రయాణ పథాన్ని చూడండి. 1997లో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని డార్విన్ సమీపంలో, 2013లో మొజాంబిక్‌లో, సుమారు అదే కాలంలో జోర్డాన్‌లో, 2015లో ఆస్ట్రేలియా అరటి సాగుకు కేంద్రమైన క్వీన్స్‌లాండ్‌లో, 2019 ఆగస్టులో కొలంబియాలో, 2021లో పెరూలో, 2023లో వెనిజులాలో దీనిని గుర్తించారు. ఈ దేశాల మధ్య సముద్రాలున్నాయి. మట్టిలో నివసించే శిలీంధ్రం గాలిలో సముద్రం దాటదు. వివిధ దేశాల నుండి సేకరించిన నమూనాలకు జన్యు పరీక్షలు చేసిన శాస్త్రవేత్తలు అవన్నీ దాదాపు ఒకే వంశానికి చెందినవని 2015లో ప్రకటించారు. అంటే ఆయా దేశాలలో అది విడివిడిగా పుట్టలేదు. ఒకచోటి నుండి మరొకచోటికి ఎవరో తీసుకుపోయారు. దుంపతోనా, చెప్పుకు అంటిన మట్టితోనా, యంత్రంతోనా అన్నది ప్రతిచోటా తేలకపోయినా మోసింది మనిషే.

మన దేశంలో బీహార్‌లోని కటిహార్, పూర్ణియా జిల్లాల గ్రాండ్ నైన్ తోటలలో టి.ఆర్.4 ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఉత్తరప్రదేశ్‌లో కూడా దీనిని గుర్తించారు. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం, లక్నోలోని కేంద్రీయ ఉప ఉష్ణమండల ఉద్యానవన సంస్థ దీనిపై పరిశోధనలు చేస్తున్నాయి. ట్రైకోడెర్మా ఆధారిత జీవ నియంత్రణ మిశ్రమాన్ని రూపొందించి రైతుల పొలాలలో వాడారు. ఇటువంటి మిశ్రమాలు నష్టాన్ని తగ్గించగలవు గాని ఒకసారి నేలలో స్థిరపడిన శిలీంధ్రాన్ని పూర్తిగా నిర్మూలించలేవు. సోకిన మొక్కను నయం చేసే రసాయన మందు లేదు.

కటిహార్ మనకు దూరమేనా? దేశంలో పండ్ల వ్యాపారం తెలిసిన వారెవరూ అవునని చెప్పరు. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలలో వేల ఎకరాల గ్రాండ్ నైన్ ఒకే జన్యు స్వరూపం గల టిష్యూకల్చర్ మొక్కలతో నిండి ఉంది. అంటే ఒక మొక్కను చంపగల తెగులు పక్కనున్న ప్రతి మొక్కనూ చంపగలదు. ఇక గోదావరి డెల్టాలో ఒక తోట మురుగు మరొక తోటకు సాగునీరు కావచ్చు. నీటితో కొట్టుకుపోయే మట్టిలో ఈ శిలీంధ్ర బీజాలు సులభంగా తరలిపోతాయి. వరదలు తరచుగా వచ్చే బీహార్ ప్రాంతం నుండి మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే. అమృతపాణి పండించే రైతులు ఎండు తెగులును, అనగా దాని పాత తెగను, ఎరుగుదురు. ఆ రకం దానికి సులభంగా లోనవుతుంది. ఇంతకాలం ‘ఎండు తెగులు వస్తే పచ్చ అరటికి మారుదాం’ అనే మార్గం వారికి ఉండేది. టి.ఆర్.4 వస్తే ఆ మార్గం కూడా మూసుకుపోతుంది.

ఒక పిలకతో మొదలైన వెర్రితల తెగులు

పిలకల ద్వారా వ్యాపించే తెగుళ్లకు అరటి వెర్రితల తెగులును మించిన ఉదాహరణ లేదు. వైరస్ వల్ల కలిగే ఈ తెగులు సోకిన మొక్కలో ఆకు కాడలపైన, ఈనెల వెంట ముదురు ఆకుపచ్చని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. కొత్త ఆకులు సన్నబడి, పొట్టిగా, నిటారుగా, మొవ్వు వద్ద కుచ్చులా గుమిగూడుతాయి. చిన్నతనంలో సోకితే మొక్క గెల వేయదు.

1889లో ఫిజీ దీవులలో నమోదైన ఈ తెగులు 1913 ప్రాంతంలో ఫిజీ నుండి తెచ్చిన పిలకలతో ఆస్ట్రేలియాకు చేరింది. పదేళ్లు గడిచేసరికి న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ సరిహద్దులోని అరటి సాగు కుప్పకూలింది. మన దేశానికి ఇది శ్రీలంక నుండి వచ్చింది. 1940లో కేరళలో నమోదై, ఆ తరువాత ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. తమిళనాడులోని పళని కొండలలో పేరు పొందిన విరూపాక్షి అరటిని బాగా దెబ్బతీసింది. మన రైల్వే కోడూరు ప్రాంతపు అరటి రైతులకు కూడా ఈ తెగులు కొత్తది కాదు.

1920లలో ఆస్ట్రేలియాలో పరిశోధన చేసిన సి.జె.పి. మాగీ ఈ తెగులును అరటి పేనుబంక వ్యాప్తి చేస్తుందని నిరూపించారు. పేనుబంక ద్వారా వైరస్ సాధారణంగా దగ్గరి మొక్కలకే సోకుతుంది. కొత్తగా తెగులు సోకిన మొక్క దానికి మూలమైన మొక్కకు సగటున 20 మీటర్ల లోపే ఉంటుందని తరువాతి అధ్యయనాలలో తేలింది. అంటే పేనుబంక తెగులును పక్క బోదెకో పక్క తోటకో చేరుస్తుంది. జిల్లా నుండి జిల్లాకు, దేశం నుండి దేశానికి చేర్చేది మాత్రం పిలకను మోసుకుపోయే మనిషి.

ఈ జ్ఞానంతో ఆస్ట్రేలియా ఏమి చేసిందన్నది ముఖ్యం. తెగులు సోకిన ప్రాంతం నుండి పిలకల రవాణాను నిషేధించింది. ప్రతి తోటను నమోదు చేసింది. తనిఖీదారులు తోట తోటకూ తిరిగి, సోకిన మొక్కను పేనుబంకతో సహా నాశనం చేయించారు. పెరటి అరటిని కూడా వదలలేదు. మందు లేని తెగులును కేవలం సామూహిక క్రమశిక్షణతో అదుపులోకి తెచ్చిన విజయాలలో ఇది ఒకటి. 2015లో క్వీన్స్‌లాండ్‌లోని టల్లీ లోయలో టి.ఆర్.4 బయటపడినప్పుడు కూడా అదే దృక్పథం పనిచేసింది. సోకిన మొదటి క్షేత్రాన్ని మరుసటి ఏడాది అరటి సాగుదారుల సంఘమే కొని, సాగు మాన్పించి మూసివేసింది. ఒక్కరి తోట అందరి బాధ్యత అని వారు గుర్తించడమే ఇందుకు కారణం.

నారింజ పండ్ల ట్రక్కులో ప్రయాణించిన పురుగు

పండ్ల రవాణాయే నేరుగా తెగులు వాహకాన్ని మోసిన సందర్భం నిమ్మజాతి గ్రీనింగ్ తెగులు. ఇది మొక్క ఆహారనాళాలలో నివసించే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. సిల్లా అనే చిన్న పురుగు దీనిని చెట్టు నుండి చెట్టుకు చేరుస్తుంది. ఆకులు అసమానంగా పసుపురంగుకు మారడం, కాయలు వంకరగా, చిన్నవిగా, ఒకవైపు పచ్చగానే ఉండిపోవడం, చెట్టు కొమ్మకొమ్మగా ఎండిపోవడం దీని లక్షణాలు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఈ సిల్లా పురుగు 1998లో, తెగులు 2005లో కనిపించాయి. అంటే వాహకం ముందుగా వచ్చి, రాష్ట్రమంతా స్థిరపడి, తెగులుకు దారి సిద్ధం చేసింది. పురుగు అంత త్వరగా ఎలా విస్తరించింది? ఒక కారణం నర్సరీ వ్యాపారం. కరివేపాకుకు దగ్గరి బంధువైన కామిని అనే అలంకార మొక్క సిల్లాకు ఎంతో ఇష్టమైనది. ఆ మొక్కలు దుకాణాల ద్వారా ఊరూరా అమ్ముడయ్యాయి. రెండవ కారణం పండ్ల ట్రక్కులు. తోటల నుండి రసం తీసే కర్మాగారాలకు నారింజలను తీసుకుపోయే ట్రక్కులలో ఆకులతో పాటు బ్రతికి ఉన్న సిల్లాలు కూడా ప్రయాణిస్తున్నాయని అక్కడి శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించారు. తోట నుండి కర్మాగారం దాకా ఆ ట్రక్కు ఎన్ని తోటలను దాటిపోతుందో ఊహించుకోవచ్చు.

ఫలితం? 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఫ్లోరిడా, 2023-24లో సుమారు 1.8 కోట్ల పెట్టెలే పండించింది. తుపానులు, పట్టణీకరణ కూడా కొంత కారణమైనా ఈ పతనంలో గ్రీనింగ్ పాత్ర ప్రధానమైనది.

ఇక్కడ తెలుగువారికి నేరుగా సంబంధించిన విషయం ఒకటి ఉంది. అమెరికాకు వెళ్లే మనవారు సంచిలో తాజా కరివేపాకు రెమ్మలు పెట్టుకొని వెళితే అక్కడి విమానాశ్రయంలో అధికారులు వాటిని స్వాధీనం చేసుకొంటారు. నాలుగు రెమ్మలకు ఇంత పట్టింపా అని చాలామంది నొచ్చుకొంటారు. కాని కరివేపాకుపై సిల్లా పురుగు చక్కగా వృద్ధి చెందుతుంది. ఆకు వెనుక అంటిన గుడ్లు కంటికి ఆనవు. నారింజ తోటలు కోల్పోయిన దేశానికి ఆ రెమ్మ కేవలం తాలింపు దినుసు కాదు. అదే జాగ్రత్త మన బత్తాయి తోటలకూ అవసరమే. నిమ్మ, బత్తాయి అంట్లను పెంచే నర్సరీలో సిల్లా చేరే కరివేపాకు, కామిని మొక్కలను పక్కపక్కనే ఉంచడం మంచిది కాదు. అంట్లను పురుగులు చొరబడని వల గృహాలలో పెంచాలి.

దానిమ్మ బ్యాక్టీరియా మచ్చ తెగులు కథ కూడా ఇటువంటిదే. మన దేశంలో 1952లో ఢిల్లీ ప్రాంతం నుండి తొలిసారిగా నివేదించిన ఈ తెగులు చాలాకాలం పెద్దగా పట్టించుకోనవసరం లేనిదిగానే ఉండిపోయింది. 2000 తరువాత మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో దానిమ్మ సాగు వేగంగా పెరిగి, గూటి అంట్లకు గిరాకీ హెచ్చినప్పుడు అది ఉధృతమైంది. తెగులు ఉన్న తోటలో కట్టిన గూటి అంటు ఎక్కడ నాటితే అక్కడికి బ్యాక్టీరియా చేరింది. తోట నుండి తోటకు తిరిగిన కత్తెర, వర్షపు జల్లు మిగిలిన పని పూర్తి చేశాయి. సాగు విస్తరించే వేగానికి తగిన నర్సరీ వ్యవస్థ లేనప్పుడు తెగులు కూడా సాగుతో సమానంగా విస్తరిస్తుందని అనంతపురం దానిమ్మ రైతులు అనుభవపూర్వకంగా తెలుసుకొన్నారు.

తలుపు మూసుకొన్న విపణి

తెగుళ్లు, పురుగులు పంటను నష్టపరచడమే కాదు, విపణిని కూడా మూసివేస్తాయి. 2014 మే 1 నుండి యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడి పండ్లతో పాటు వంకాయ, చేమ, కాకర, పొట్ల దిగుమతులను నిలిపివేసింది. అంతకు ముందు సంవత్సరం మన దేశం నుండి వెళ్లిన 207 సరుకులలో పండు ఈగలు, ఇతర నిషిద్ధ కీటకాలు కనిపించడం ఇందుకు కారణం. మామిడిపై నిషేధం 2015 ఆరంభంలో తొలగిపోయినా ఒక సీజను అమ్మకాలు పోయాయి. శ్రద్ధగా పండించిన రైతు కూడా ఎవరో పంపిన ఈగ పట్టిన పెట్టె కారణంగా నష్టపోయాడు.

ఈ అనుభవాల తరువాతనే వేడినీటి శుద్ధి, ఆవిరి శుద్ధి, వికిరణ శుద్ధి వంటి ప్రక్రియల విలువ అందరికీ తెలిసింది. జపాన్ మన మామిడికి ఆవిరి శుద్ధిని, అమెరికా వికిరణ శుద్ధిని నిబంధనగా విధించాయి. ఇవి పండు లోపలి పురుగును నిర్వీర్యం చేస్తాయి. కాని మట్టితోను, పిలకతోను వచ్చే తెగులుకు ఇటువంటి యంత్రం ఏదీ లేదు. అక్కడ నివారణే చికిత్స.

చట్టం చేయగలిగినది, చేయలేనిది

మన దేశంలో హానికర కీటకాలు, తెగుళ్ల చట్టం 1914లోనే వచ్చింది. విదేశాల నుండి వచ్చే మొక్కలు, విత్తనాలు, పండ్ల దిగుమతిని 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు నియంత్రిస్తుంది. అంతర్జాతీయంగా 1951లో కుదిరిన మొక్కల సంరక్షణ ఒడంబడిక దీనికి మూలం. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ క్వారంటైన్ సిబ్బందికి శిక్షణ ఇస్తుంది. టిష్యూకల్చర్ మొక్కలకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో జాతీయ ధ్రువీకరణ విధానాన్ని ప్రారంభించింది. ఈ విధానం కింద తల్లి కణజాలాన్ని వైరస్‌లకు పరీక్షించిన తరువాతనే మొక్కలను వృద్ధి చేస్తారు.

ఓడరేవు వద్ద, విమానాశ్రయం వద్ద తనిఖీ చేయడం సాధ్యం. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్లే రహదారిపై ప్రతి లారీని ఆపి, అడుగున ఉన్న పిలకలను వెదకడం ఆచరణలో కష్టం. వెర్రితల తెగులు ఉన్న రాష్ట్రాల నుండి అరటి పిలకలను తరలించడంపై దేశీయ క్వారంటైన్ నిబంధనలు ఎప్పటి నుండో ఉన్నాయి. అయినా తెగులు ఆగలేదు. కొనేవాడు అడగనప్పుడు, అమ్మేవాడు చూపనప్పుడు కాగితంపై ఉన్న నిబంధన కాగితంపైనే ఉంటుంది. అందువల్ల అసలైన చెక్‌పోస్టు రైతు పొలం గట్టు మీదే ఉండాలి.

పొలం గట్టు మీద పాటించవలసినవి

1. ధ్రువీకరణ పొందిన ప్రయోగశాల నుండి టిష్యూకల్చర్ మొక్కలను కొనాలి. కొన్న బ్యాచ్ సంఖ్య, రసీదు భద్రపరచాలి. తెగులు బయటపడితే మూలాన్ని గుర్తించడానికి అవే ఆధారం.

2. పిలకలు తప్పనిసరి అయితే తెలిసిన తోట నుండి, గెల వేసి ఆరోగ్యంగా ఉన్న తల్లిమొక్కల నుండి మాత్రమే తీసుకోవాలి. దుంప శుద్ధి పైపొరలోని శిలీంధ్రాన్ని, నులిపురుగులను కొంతవరకు తగ్గిస్తుందే గాని లోపలి నాళాలలో ఉన్న తెగులును, వైరస్‌ను తొలగించదని గుర్తుంచుకోవాలి. పొరుగు రాష్ట్రం నుండి తిరిగి వచ్చే లారీలో చవకగా దొరికిన పిలకలను ఎట్టి పరిస్థితులలోనూ నాటరాదు.

3. పండ్ల లారీని తోటలోనికి రానివ్వక, గట్టు వద్ద లేదా రోడ్డు పక్కన ఒకే చోట సరుకు ఎక్కించే స్థలం ఏర్పరచుకోవాలి. లారీలో పాత ఆకులు, మట్టి ఉంటే మన తోట దగ్గర దులపనివ్వరాదు.

4. కోత ముఠా తమ కత్తులతో వస్తే ముందుగా మట్టిని, బంకను పూర్తిగా కడిగించి, తరువాత క్రిమిసంహారక ద్రావణంలో ముంచాలి. మట్టి అంటి ఉన్న పనిముట్టుపై ఏ ద్రావణమూ సరిగా పని చేయదు. ఎండు తెగులు శిలీంధ్రంపై క్వాటర్నరీ అమ్మోనియం సంబంధిత ద్రావణాలు మేలైనవి. లేబుల్‌పై సూచించిన మోతాదు పాటించాలి. వీలైతే తోటకొక జత కత్తులు ఉంచుకొని, ముఠాకు వాటినే ఇవ్వడం అన్నిటికంటే సులభమైన పద్ధతి.

5. గెలల మధ్య అరటి ఆకులు పరచే అలవాటును మానుకోవాలి. సిగటోకా ఆకుమచ్చ తెగులు బీజాలు, పేనుబంక ఆ ఆకులతోనే ప్రయాణిస్తాయి. నురుగు షీట్లు, కడగదగిన ప్లాస్టిక్ పెట్టెలు వాడాలి. తిరిగి వచ్చిన పెట్టెలను కడిగి ఎండబెట్టిన తరువాతనే తోటలోనికి తీసుకురావాలి.

6. గ్రాండ్ నైన్ తోటలో అడుగు ఆకులు అంచుల నుండి పసుపుబారి, కాడ వద్ద విరిగి బోదె చుట్టూ వేలాడుతూ, బోదె మొదలు చీలి, కోసి చూస్తే లోపల ఎరుపు గోధుమ రంగు చారలు కనిపిస్తే ఆ మొక్కను కదిలించరాదు. పెరికి కాలువలో పడేయరాదు. చుట్టూ తాడు కట్టి రాకపోకలు ఆపి, ఉద్యాన అధికారికి లేదా సమీప పరిశోధన కేంద్రానికి వెంటనే తెలియజేయాలి. ఏ తెగ అన్నది ప్రయోగశాలలో జన్యు పరీక్ష ద్వారానే తేలుతుంది.

7. వెర్రితల తెగులు సోకిన మొక్కపై ముందుగా పేనుబంకను చంపే మందు పిచికారి చేసి, ఆ తరువాతనే దుంపతో సహా తొలగించి నాశనం చేయాలి. ముందుగా నరికితే పేనుబంక పక్క మొక్కలకు వలసపోతుంది.

8. ఒకే రకాన్ని ప్రాంతమంతా నాటకుండా కర్పూర చక్కెరకేళి, బొంత వంటి స్థానిక రకాలకు కూడా కొంత విస్తీర్ణం కేటాయించాలి. ఇవన్నీ అన్ని తెగుళ్లను తట్టుకోలేవు. కాని ఒకే తెగులుకు అన్నీ ఒకేసారి లోనుకాకుండా కొంత భద్రత కలుగుతుంది.

తెలియజేసిన రైతుకు అండ

పై సూచనలలో ఆరవది చెప్పినంత సులభం కాదు. తన తోటలో భయంకరమైన తెగులు ఉందని తెలియజేసిన రైతు ఏమి కోల్పోతాడో ఆలోచించాలి. వ్యాపారి అతని తోట వైపు రాడు. పొరుగువారు అనుమానంగా చూస్తారు. భూమి విలువ పడిపోతుంది. అందువల్ల చాలామంది మౌనంగా మొక్కను నరికి కాలువలో పడేసి, మిగిలిన గెలలను త్వరగా అమ్ముకొంటారు. అది అతని దోషం కంటే మన వ్యవస్థ లోపమనాలి. ఆస్ట్రేలియాలో సాగుదారుల సంఘం సోకిన క్షేత్రాన్ని కొనడం వెనుక ఉన్న వివేకం ఇదే. తెలియజేసిన వాడు నష్టపోకూడదు. మన దగ్గర కూడా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మార్కెట్ కమిటీలు, ఎగుమతి వ్యాపారులు కలిసి, తెగులు తెలియజేసిన రైతుకు పరిహారం, ప్రత్యామ్నాయ పంటకు సహాయం అందించే నిధిని ఏర్పరచుకొంటే ఏ క్వారంటైన్ చట్టం కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

వ్యాపారం ఆగదు, ఆగకూడదు కూడా. తాడిపత్రి అరటి, రావులపాలెం గెల, నల్లగొండ బత్తాయి, అనంతపురం దానిమ్మ దూరదేశాలకు చేరడం మన రైతుకు బలం. కాని పండును పంపడానికి చూపే శ్రద్ధలో కొంతైనా తిరుగు ప్రయాణంలో వచ్చే బండిపై చూపాలి. గ్రో మిషెల్ తోటల యజమానులకు శాస్త్రం తెలియక కాదు, పాత తోట దుంపను కొత్త తోటకు మోయడం చవక గనుక అలా చేశారు. ఆ చవక దుంప ఖరీదు ఒక రకమంతా విపణి నుండి తప్పుకోవడం. ఈసారి లారీలో వచ్చిన పిలక చవకగా దొరికినప్పుడు దాని అసలు ఖరీదు ఎంతో ఒకసారి లెక్క వేసి చూడడం రైతు సోదరులకు ఎంతో అవసరం.